సైనికుడి పాటకు చోటేది?

ఏటా నవంబరు 11న అమెరికాలో వెటరన్స్ డే జరుపుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకులు ఆగిన రోజు అది. ఇప్పుడు సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లందరినీ తలుచుకునే రోజుగా మారింది. చాలా ఏళ్లు అది మన కార్తీకమాసంలోనే పడుతుంది. నేనెరిగిన ఒకటి రెండు తెలుగు సంఘాలు దీపావళి సభలోనో, వనభోజనాల దగ్గరో ఊళ్లోని ఒకరిద్దరు మాజీ సైనికుల్ని పిలిచి శాలువా కప్పుతున్నాయి. మంచి పని, మెచ్చుకోవలసిన పని. కాని శాలువా కప్పి, ఫొటో తీసి, ఆ పెద్దమనిషిని ముందు వరుసలో కూర్చోబెట్టాక మూడు గంటలపాటు మన పాటలు మనం పాడుకుంటాం. ఆయనకే పాట ఇష్టమో అడగం. ఆయనే నోరు తెరిచి చెబితే వద్దంటాం.

వద్దనడం నేను కళ్లారా చూశాను. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, వియత్నాంలో ఏడాది చేసి వచ్చిన మనిషి. సన్మానానికి పిలవడానికి వెళ్తే ఆయన ఒకే ఒక్కటి కోరారు. తను వేదిక మీదకు నడిచేటప్పుడు యానిమల్స్ బృందం పాడిన 'వుయ్ గాటా గెటౌట్ ఆఫ్ దిస్ ప్లేస్' వెయ్యమన్నారు. కార్యవర్గంలో ఆ మాట చెప్పగానే మొహాలు చిట్లించారు. "అది రాక్ పాట కదండీ, గోలగా ఉంటుంది. పైగా పారిపోదాం పదండన్నట్టుంది, సైనికుడికి ఆ పాటేమిటి? దేశభక్తి పాట ఏదైనా వేద్దాం" అన్నారు. బ్యాండు మేళం ట్యూను ఒకటి వేశారు. సంగతి ముందే చెప్పినప్పుడు ఆయన "సరే, పర్వాలేదు" అన్నారు. పర్వాలేదనడం ఆ తరం సైనికులకు బాగా అలవాటు. యాభై ఏళ్లుగా వాళ్లు అదే మాట అంటూ వస్తున్నారు.

కాని పర్వా ఉంది. ఆ పాట ఏమిటో, అది ఆ మనిషికి ఏమవుతుందో తెలియకుండా తోసెయ్యడం నాకు కష్టంగా ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ పాట 1965 నాటిది. న్యూయార్కులో బారీ మాన్, సింథియా వైల్ అనే భార్యాభర్తలు రాశారు. పాడింది ఇంగ్లండులో బొగ్గుకూ ఓడల తయారీకీ పేరుపడ్డ న్యూకాసిల్ కుర్రాళ్లు. గొంతు ఎరిక్ బర్డన్‌ది. అందులో యుద్ధం ఊసే లేదు. మురికివాడలో పుట్టిన ఒక కుర్రవాడు, జీవితమంతా చాకిరీ చేసి అరిగిపోయిన తండ్రిని చూసి, మన బతుకు ఇలా కాకూడదని తన ప్రియురాలితో అంటాడు. అంతే పాట. బేసు గిటారు ఒక్కటే మెల్లగా నడుస్తూ మొదలవుతుంది. బర్డన్ గొంతు మొదట్లో దాదాపు మాట్లాడుతున్నట్టే ఉండి, పల్లవి దగ్గరికొచ్చేసరికి పగిలినట్టు లేస్తుంది. సరిగ్గా అదే ఏడాది మార్చిలో అమెరికా మెరీన్లు వియత్నాంలో డనాంగ్ తీరాన దిగారు. ఆ పాట వాళ్ల వెనకే వెళ్లింది. తర్వాత అమెరికా సైన్యం అక్కడున్నంత కాలం దాన్ని వదల్లేదు.

వియత్నాంలో ఆర్మీలో పనిచేసిన డగ్ బ్రాడ్లీ, ఆచార్యుడు క్రెయిగ్ వెర్నర్ కలిసి ఏళ్ల తరబడి మాజీ సైనికుల దగ్గర కూర్చుని, మీరు అక్కడ ఏం విన్నారు, ఏ పాట మిమ్మల్ని నిలబెట్టింది అని అడిగారు. ఆ పని 2015లో పుస్తకంగా వచ్చింది. పుస్తకానికి ఈ పాట పేరే పెట్టారు, ఎందుకంటే ఎవరిని కదిపినా ముందు ఇదే పాట చెప్పారు. శిబిరాల క్లబ్బుల్లో ఏ బ్యాండు వాయించినా చివరికి ఇది పాడకుండా వేదిక దిగనిచ్చేవారు కాదట. అందరూ లేచి భుజాల మీద చేతులేసుకుని గొంతు కలిపేవారట. ఇది సైనికుడి పాట కాదని చెప్పడానికి మనమెవరం?

వాళ్లెవరో కూడా చెప్పాలి. సుమారు 27 లక్షల మంది అమెరికన్లు ఆ యుద్ధంలో వియత్నాం వెళ్లొచ్చారు. తప్పనిసరిగా సైన్యంలో చేరమనే డ్రాఫ్టు ఉత్తరం వచ్చి వెళ్లినవాళ్లు కొందరు, ఎలాగూ వస్తుంది కదా అని ముందే చేరినవాళ్లు కొందరు. కాలేజీలో చదువుకునే స్తోమతున్న పిల్లలకు వాయిదా దొరికేది. మిల్లుల్లో, పొలాల్లో, గనుల్లో పనిచేసే ఇళ్ల పిల్లలకు దొరికేది కాదు. పద్దెనిమిదేళ్లకే తుపాకి పట్టించారు గాని చాలా రాష్ట్రాల్లో ఓటుకు మాత్రం ఇరవై ఒకటి నిండాలన్నారు. ఆ అన్యాయం దిద్దడానికి 1971లో రాజ్యాంగాన్ని సవరించవలసి వచ్చింది. ఆర్మీవాళ్లకు అక్కడ పన్నెండు నెలలు, మెరీన్లకు పదమూడు. క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ బతికిన పిల్లలు వాళ్లు. ఇక్కణ్ణుంచి బయటపడాలి అనే పాట వాళ్ల నోట్లో పిరికితనం ఎలా అవుతుంది? ఆ పాట పాడినవాళ్లే మర్నాడు తెల్లారి గస్తీకి వెళ్లారు.

వాళ్లను పంపిన యుద్ధం సరైనదని నేననడం లేదు. వియత్నాం పల్లెలకు జరిగింది ఘోరం, చనిపోయిన వియత్నామీయుల లెక్క అమెరికన్ల లెక్కకు ఎన్నో రెట్లు. నేను అడుగుతున్న గౌరవం ఆ పిల్లలకు, వాళ్లను పంపిన పెద్దలకు కాదు.

మన ఇళ్లల్లో రాక్ అంటే ఒక బొమ్మ స్థిరపడిపోయింది. జులపాలు, గంజాయి, చదువు చెడగొట్టుకున్న కుర్రాళ్లు, చెవులు చిల్లులు పడే మోత. సైనికుడంటే ఇంకో బొమ్మ. పొట్టి జుట్టు, ఇస్త్రీ బట్టలు, జెండా వందనం. ఈ రెండూ ఒకచోట ఉండలేవని మన నమ్మకం. ఆ నమ్మకం ఎంత తప్పో చెప్పడానికి రాక్ గిటారు వాయించిన జిమీ హెండ్రిక్స్ ఒక్కడు చాలు.

హెండ్రిక్స్ 1961లో ఆర్మీలో చేరాడు. దొంగిలించిన కారులో దొరికిపోతే జైలా, సైన్యమా తేల్చుకోమన్నారు, సైన్యమన్నాడు. కెంటకీ సరిహద్దులో ఫోర్ట్ క్యాంప్‌బెల్ అనే కంటోన్మెంటులో 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో పారాట్రూపర్ అయ్యాడు. విమానంలోంచి దూకేవాడు. ఇంటికి రాసి తన గిటారు తెప్పించుకున్నాడు. ఒక సాయంత్రం సైనికుల క్లబ్బులో అతను వాయిస్తుంటే బయట నడుస్తున్న ఇంకో సైనికుడు విని లోపలికొచ్చాడు. అతని పేరు బిల్లీ కాక్స్, బేసు గిటారు వాయిస్తాడు. ఆ క్లబ్బులో కలిసిన స్నేహం హెండ్రిక్స్ చనిపోయేదాకా నిలిచింది. హెండ్రిక్స్ మంచి సైనికుడేమీ కాదు, ఏడాది దాటిందో లేదో 1962లో అతన్ని పంపించేశారు. కాని 1969 ఆగస్టు 18 పొద్దున, వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో అతను అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద వాయించినప్పుడు పక్కన ఉన్నది ఆ బిల్లీ కాక్సే. ఆ గీతంలో రాకెట్ల ప్రస్తావన వచ్చే చోట గిటారు కేకలు పెట్టింది, బాంబులు పడ్డట్టు గర్జించింది. మధ్యలో సైనికుల అంత్యక్రియలప్పుడు బూర మీద ఊదే 'ట్యాప్స్' స్వరాలు కూడా పలికించాడు. జాతీయగీతాన్ని అవమానించాడని చాలామంది తిట్టారు. ఒక టీవీ కార్యక్రమంలో దాని గురించి అడిగితే, నాకు అది అందంగానే అనిపించింది అన్నాడు హెండ్రిక్స్. 101వ డివిజన్ ఆ సమయానికి వియత్నాంలోనే ఉంది. ఆ మోతలో తన పాత దళం పిల్లల చావు వినబడని చెవులు ఎలాంటి చెవులో నాకు అర్థం కాదు. మరుసటి ఏడాది జనవరి 1న న్యూయార్కులోని ఫిల్మోర్ ఈస్ట్‌లో 'మెషీన్ గన్' వాయించే ముందు, దాన్ని వియత్నాంలో పోరాడుతున్న సైనికులకు అంకితమిచ్చాడు.

అతనొక్కడే కాదు. వుడ్‌స్టాక్‌లోనే యుద్ధాన్ని ఎగతాళి చేస్తూ పాట పాడి లక్షలమందితో గొంతు కలిపించిన కంట్రీ జో మెక్‌డొనాల్డ్ అంతకుముందు నేవీలో పనిచేసి వచ్చినవాడు. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందంలో పాటలు రాసి పాడే జాన్ ఫోగర్టీ ఆర్మీ రిజర్వులో, డ్రమ్ములు వాయించే డగ్ క్లిఫర్డ్ కోస్ట్‌గార్డ్ రిజర్వులో ఉన్నారు. ఫోగర్టీ 1969లో రాసిన 'ఫార్చునేట్ సన్'లో కోపమంతా పెద్దింటి బిడ్డల మీద. జెండా ఊపేది వాళ్ల నాన్నలు, చచ్చేది ఇంకొకళ్ల పిల్లలు అన్న కోపం అది. సైనికుడి తరఫున అంత తెగించి మాట్లాడిన పాట ఇంకోటి నేను వినలేదు. సినిమాలవాళ్లు దాన్ని ఏం చేశారు? వియత్నాం మీద హెలికాప్టర్ ఎగిరిన ప్రతిచోటా వేసి వేసి, కథ వియత్నాం చేరిందని చెప్పే గుర్తుగా మార్చేశారు. ఆ కోపం ఎవరిదో ఇప్పటి పిల్లలకు తెలియదు.

రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సైన్యంలో చెయ్యలేదు, వైద్యపరీక్షలో తప్పాడు. అతని మొదటి బ్యాండులో డ్రమ్ములు వాయించిన బార్ట్ హేన్స్ మాత్రం మెరీన్లలో చేరి 1967లో వియత్నాంలో చనిపోయాడు. స్ప్రింగ్‌స్టీన్ దాన్ని మరిచిపోలేదు. 1981 ఆగస్టు 20న లాస్ ఏంజెలెస్‌లో కచేరీ చేసి, ఆ డబ్బు వియత్నాం మాజీ సైనికుల కోసం ఇచ్చాడు. వెన్నులో తూటా తగిలి చక్రాల కుర్చీకి అంటుకుపోయిన మెరీన్ అధికారి బాబీ ముల్లర్ 1978లో మొదలుపెట్టిన సంఘం అప్పటికి అప్పుల్లో మునిగి మూతపడే స్థితిలో ఉంది. ఆ కచేరీతో అది నిలబడింది. ఆ రాత్రి వేదిక పక్కనే చక్రాల కుర్చీల్లో, చంకకర్రలతో వచ్చిన మాజీ సైనికులకు చోటిచ్చారు. ప్రభుత్వం చెయ్యలేదు, పెద్దపెద్ద కంపెనీలు చెయ్యలేదు. రాక్ పాటగాడు చేశాడు. తర్వాత మూడేళ్లకు అతని 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' పాట వచ్చింది. యుద్ధం నుంచి ఇంటికొచ్చి ఉద్యోగం దొరక్క, ఎవరూ పట్టించుకోక తిరిగే సైనికుడి గోడు అది. దాన్ని కూడా జనం పల్లవి ఒక్కటే విని విజయగీతమనుకున్నారు.

యుద్ధంలో ఉన్నప్పుడు వాళ్లు ఆ పాటలు ఎలా వినేవారో ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది. సైన్యం నడిపే రేడియో ఉండేది. ఏఎఫ్‌వీఎన్ అని పిలిచేవారు. ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకుని, శత్రువుకు వినబడకుండా సన్నగా వినేవారు. సైనికుల కోసం నడిపే పీఎక్స్ దుకాణాల్లో జపాను టేపురికార్డర్లు చవగ్గా దొరికేవి. ఒకరి దగ్గరున్న టేపు ఇంకొకరు కాపీ చేసుకునేవారు. ఇంటి నుంచి కొత్త రికార్డు వస్తే ఆ బంకరంతా పండగే. దాంతోపాటు పేచీలూ ఉండేవి. నల్లజాతి సైనికులు సోల్ పాటలంటే, దక్షిణాది తెల్లవాళ్లు కంట్రీ పాటలంటే, క్లబ్బుల్లో పాటల మీద కొట్లాటలు జరిగాయి. అయినా ఆ ఒక్క యానిమల్స్ పాట వస్తే అందరూ కలిసేవారని చెప్పుకున్నారు. వినడంతో ఆగలేదు కూడా. సైన్యమే వాయించగలిగిన సైనికుల్ని ఏరి, బ్యాండ్లు కట్టించి, గిటార్లు డ్రమ్ములతో హెలికాప్టర్లెక్కించి మారుమూల శిబిరాలకు పంపింది. ఆ బ్యాండ్ల కుర్రాళ్ల పేర్లు ఏ రాక్ చరిత్రలోనూ లేవు. వాళ్ల ముందు కూర్చుని విన్నవాళ్లలో కొందరు ఆ తర్వాత వారమే పోయి ఉంటారు.

వియత్నాం వాళ్ల బ్యాండ్లు కూడా ఉన్నాయి. ఒకే తల్లి బిడ్డలు కలిసి పెట్టుకున్న సీబీసీ అనే బ్యాండు సైగాన్‌లో అమెరికా సైనికుల కోసం హెండ్రిక్స్ పాటలు వాయించేది. వాళ్లు వాయిస్తున్న క్లబ్బులో బాంబు పేలింది. మళ్లీ వాయించారు. యుద్ధం ముగిశాక దేశం లేనివాళ్లయి, చివరికి అమెరికా చేరి హ్యూస్టన్‌లో స్థిరపడ్డారు. జుట్టు నెరిసిన మాజీ సైనికుల కోసం అక్కడా అవే పాటలు వాయించారు. హ్యూస్టన్‌లో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారు! ఆ బ్యాండు పేరు విన్నవాళ్లు ఒక్కరైనా నాకు తగల్లేదు.

నర్సుల్ని కూడా మరవకూడదు. సుమారు పదకొండు వేలమంది ఆడవాళ్లు వియత్నాంలో సైన్యంలో పనిచేశారు, వాళ్లలో ఎక్కువమంది నర్సులే. ఇరవై రెండేళ్ల పిల్ల, చదువు ముగిసి ఏడాది కూడా కాకుండా, కాళ్లు తెగిన తన వయసు కుర్రవాడికి కట్టు కట్టేది. ఆమె బ్యారక్కులోనూ అవే టేపులు, అవే పాటలు. వాషింగ్టన్‌లో వాళ్లకు స్మారకం 1993 దాకా కట్టలేదు. మన సన్మానాలకు ఇప్పటికీ ఆడవాళ్లను పిలవడం తక్కువే.

ఇంటికొచ్చాక ఆ సైనికులకు జరిగింది ఇంకా అన్యాయం. ఒక్కొక్కరుగా విమానం దిగారు. యూనిఫాం విప్పేసి పొమ్మన్నవాళ్లు ఉన్నారు. పాత యుద్ధాల సైనికుల సంఘాలు కూడా చాలాచోట్ల వీళ్లను దగ్గరికి రానివ్వలేదు. రాత్రుళ్లు నిద్రలేక, చిన్న శబ్దానికి కింద పడుకుని, భార్యాపిల్లల మీద అరిచి, తమకేమైందో తెలియక తాగుడులో పడ్డవాళ్లు ఎందరో. ఆ బాధకు పీటీఎస్‌డీ అని పేరుపెట్టి వైద్యశాస్త్రం తన పుస్తకంలో చేర్చుకున్నది 1980లో. మయా లిన్ అనే విద్యార్థిని రూపకల్పన చేసిన నల్లరాతి గోడ, దాదాపు యాభై ఎనిమిది వేల పేర్లతో, 1982 నవంబరులో నిలబడింది. అంతకుముందు ఆ ఏళ్లన్నీ వాళ్లతో ఎవరు మాట్లాడారు? మా వీధి పెద్దాయన ఆ ఏళ్ల గురించి ఒక్క మాటే చెప్పారు. గ్యారేజీలో కూర్చుని రికార్డులు వేసుకునేవాణ్ణి, మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి వినేది అన్నారు. ఆయన యుద్ధం గురించి భార్యతో చెప్పుకున్నది అలాగే. ఆ రికార్డుల్నే మనం గోల అన్నాం.

గోల అనుకున్నది మందుగా పనిచేస్తుందని ఇప్పుడు రుజువులు కళ్లముందున్నాయి. 2007లో మిల్వాకీలో ఒక వియత్నాం మెరీనూ అతనికి పాఠాలు చెప్పిన గిటారు మాస్టారూ కలిసి 'గిటార్స్ ఫర్ వెట్స్' అనే సంస్థ పెట్టారు. పది పాఠాలు ఉచితంగా చెబుతారు, ముగిశాక గిటారు కూడా ఇచ్చేస్తారు. వణికే వేళ్లతో తీగలు పట్టుకోవడం నేర్చుకున్న డెబ్బై ఏళ్ల మనుషులు అక్కడున్నారు. ఈగల్స్ బృందంలో గిటారు వాయించిన జో వాల్ష్ తండ్రి ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేస్తూ, కొడుకు పసివాడిగా ఉండగానే విమాన ప్రమాదంలో పోయాడు. ఆ కొడుకు 2017 నుంచి 'వెట్స్‌ఎయిడ్' పేరుతో కచేరీలు పెట్టి సైనిక కుటుంబాలకు సాయం చేస్తున్నాడు.

ఇది మన దగ్గర తెలియని సంగతేమీ కాదు. మన సైనికులకూ పాట ప్రాణమే. వివిధభారతిలో 'జయమాల' కార్యక్రమం ఎన్నో దశాబ్దాలు సైనికులు కోరిన పాటలే వేసింది. లడఖ్ మంచులో ఉన్న జవాను పేరు, అతను కోరిన పాట రేడియోలో చదువుతుంటే ఊళ్లో తల్లి విని మురిసిపోయేది. ఏ పాట కావాలో అడగడమే అక్కడ గౌరవం. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి ఇంటింటికీ సైనికులున్న ఊరు. బర్మా వెళ్లినవాళ్లు, పటాలాల్లో తిరిగినవాళ్లు ఏ పాటలు వింటూ తిరిగారో, క్యాంపులో ఏ గ్రామఫోను మోగేదో అడిగి రాసిపెట్టిన పుస్తకం నాకు కనబడలేదు. అడగవలసినవాళ్లు చాలామంది పోయారు. అమెరికా వాళ్లు కనీసం బ్రాడ్లీ, వెర్నర్ల పుణ్యమా అని తమవాళ్లను అడిగారు.

వియత్నాం వెళ్లొచ్చిన ఆ సైనికులు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. మన పక్కింట్లో, మన పిల్లల స్కూలు బస్సు నడుపుతూ, మనం వెళ్లే లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ ఉన్నారు. టోపీ మీద దళం పేరుంటుంది, చూడండి. "థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అని దాటిపోకుండా ఒక్క నిమిషం ఆగి, అక్కడ ఏం వినేవారని అడగండి. రాత్రి ఇంటికెళ్లి ఆ పాట మొదటినుంచి చివరిదాకా, తగ్గించకుండా వినండి. మరునాడు కనబడినప్పుడు విన్నానని చెప్పండి. ఘంటసాల పాటో, బాలమురళి తిల్లానానో మీకు ప్రాణమైతే అదీ ఆయనకు వినిపించండి, తప్పకుండా వింటారు. మన పిల్లలు నాలుగు నెలలు నేర్చుకుని మానేసిన గిటార్లు మన ఇళ్లల్లో అల్మారాల వెనక ఎన్ని పడున్నాయో మనకే తెలుసు. తీగలు వేయించి మాజీ సైనికులకు పాఠాలు చెప్పే చోటుకు పంపించండి.

సంఘాల పెద్దలకు నా విన్నపం ఇంకొకటి. వచ్చే నవంబరు కార్యక్రమంలో శాలువాతోపాటు పావుగంట ఇవ్వండి. పిలిచిన సైనికుల్ని ముందే అడిగి, వాళ్లు చెప్పిన పాటలు, వాళ్లు చెప్పినవే, మంచి స్పీకర్ల మీద వెయ్యండి. ఏ పాట ఎందుకు కోరారో మైకులో వాళ్లనే చెప్పనివ్వండి. యువతరం బ్యాండ్లు మన దగ్గర ఉన్నాయి, 'ఫార్చునేట్ సన్' నేర్చుకోవడానికి వాళ్లకు ఒక వారం పట్టదు. మా సంఘానికి నేను ఈ సంగతి ఇప్పటికే రాసి ఇచ్చాను, పాట పేరుతో సహా.